ఈ కాలపు రొమాన్స్ నవలల్లో మనకు నచ్చేది ఎంచుకోవడం ఎలా?

మీరు అడిగింది ఇదీ: చిన్నప్పుడు అమ్మ బీరువాలో ఉన్న యద్దనపూడి నవలలన్నీ చదివేశారు. తర్వాత ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, పుస్తకం పట్టే తీరిక లేదు. ఇప్పుడు మళ్లీ మొదలుపెడదామని, ఇంగ్లిషులో ఇప్పటివాళ్లు రాస్తున్న ప్రేమ నవలలు చదువుదామని ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ చూసి మూడు తెప్పించుకున్నారు. ఒకటేమో భర్త కొట్టే కథ. రెండోది ఇంట్లో నలుగురిలో తెరవలేనంత పచ్చిగా ఉంది. మూడోది "ఇద్దరూ ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుంటే తేలిపోయేదానికి ఇన్ని పేజీలా" అనిపించి సగంలో వదిలేశారు. ఎలా ఎంచుకోవాలి, దేనితో మొదలుపెట్టాలి, అమ్మకి కూడా ఏదైనా చెప్పగలరా అన్నారు.

సూటిగా చెప్తాను. అట్ట చూసి, రేటింగు చూసి, "ఎనిమీస్ టు లవర్స్" (శత్రువులే ప్రేమికులవడం), "ఫేక్ డేటింగ్" (ప్రేమించుకుంటున్నట్టు నటించడం) లాంటి లేబుళ్లు చూసి కొనకండి. ఆ ఇద్దరూ ఒకటి కాకుండా ఆపుతున్నది ఏమిటో తెలుసుకుని కొనండి. దానితోపాటు ముగింపు ఎలాంటిది, పడకగది దృశ్యాలు ఎంతవరకు ఉంటాయి అన్న రెండూ ముందే కనుక్కోండి. ఈ రెండూ ఐదు నిమిషాల్లో తేలిపోతాయి. అడ్డం సంగతి కాస్త ఓపిగ్గా చూడాలి, కానీ పుస్తకం మనకు పట్టడం, పట్టకపోవడం చాలావరకు దాని మీదే ఉంటుంది.

మొదటి పుస్తకం పేరు చెప్పమంటే, బెత్ ఓ'లియరీ రాసిన "ది ఫ్లాట్‌షేర్" (2019). ఎందుకో కింద వివరంగా రాస్తాను.

నేను ఎవరినంటే, మా మామగారు పెట్టిన అద్దె పుస్తకాల షాపుని చాలా ఏళ్లు చూసుకున్నదాన్ని. ఒక గోడంతా తెలుగు సీరియళ్ల బైండింగులు, ఎదురుగోడకి మిల్స్ అండ్ బూన్ సంస్థ వేసే చిన్న ఇంగ్లిషు ప్రేమ నవలలు. షాపు తీసేశాక ఇప్పుడు మా కాలనీ లైబ్రరీకి ఇంగ్లిషు నవలలు ఎంచి తెప్పించే పని చేస్తున్నాను. "మంచి లవ్ స్టోరీ ఒకటి ఇవ్వండి" అనేవాళ్లు రోజూ వస్తారు. అందరి నోటా అదే మాట, కానీ ఒక్కొక్కరికి కావలసింది ఒక్కోటి. అది బయటికి రాబట్టడమే నా పనిలో ముఖ్యభాగం.

ముందు ముగింపు సంగతి.

ఇంగ్లిషులో "రొమాన్స్" అన్నది ఒక పద్ధతున్న సాహిత్య శాఖ. 1980లో మొదలైన రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా అనే రచయితల సంఘం దీనికి పెట్టిన షరతులు రెండే: కథ నడుమ ప్రేమే ఉండాలి, ముగింపు మనసుకి తృప్తినిచ్చేలా, ఆశ కలిగించేలా ఉండాలి. అంటే చివరికి ఇద్దరూ కలుస్తారన్నది పాఠకులకి ఇచ్చిన మాట. మన ప్రేమ నవలలకి అలాంటి కట్టుబాటు ఎప్పుడూ లేదు. యండమూరి "వెన్నెల్లో ఆడపిల్ల" చదివి ఏడవనివాళ్లు మా షాపుకి వచ్చేవాళ్లలో తక్కువ. అయినా దాన్ని ప్రేమ నవల అనే అంటాం. ఇంగ్లిషులో మాత్రం అలాంటివాటిని వేరే గూట్లో పెడతారు. ఎరిక్ సీగల్ "లవ్ స్టోరీ" (1970) మొదటి వాక్యంలోనే నాయిక చనిపోయిందని చెప్పేస్తుంది. జోజో మోయెస్ "మి బిఫోర్ యు" (2012) కూడా రొమాన్స్ కాదు, గుండె పట్టేసే ప్రేమకథ. నికొలస్ స్పార్క్స్ అయితే తాను రాసేవి రొమాన్సులు కావని, ప్రేమకథలని స్వయంగా చెప్పుకున్నారు.

మీకు తగిలిన మొదటి పుస్తకం బహుశా కొలీన్ హూవర్ "ఇట్ ఎండ్స్ విత్ అస్" (2016) అయి ఉంటుంది. అది చెడ్డ పుస్తకం అని నేను అనను. దెబ్బలు తినే ఆడమనిషి ఆ ఇల్లు వదిలి ఎందుకు రాలేకపోతుందో లోపలినుంచి చూపించే నవల అది. రచయిత్రి తన తల్లి జీవితంలోంచి తీసుకుని రాశారు. కానీ పూల అట్ట వేసి, రొమాన్స్ అరలో పెట్టి అమ్మితే, ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి హాయిగా చదువుకుందామనుకున్నవాళ్లకి దెబ్బ తగిలినట్టే ఉంటుంది. రీల్స్‌తో వచ్చే చిక్కు ఇక్కడే. టిక్‌టాక్‌లో పుస్తకాల గురించి విదేశాల్లో నడిచే కబుర్లు, మన దగ్గర 2020 జూన్‌లో దాన్ని నిషేధించాక, ఇన్‌స్టాగ్రామ్ మీదుగా మనకి చేరుతున్నాయి. ఆ వీడియోల్లో కనపడేది చదివినవాళ్ల కన్నీళ్లు. ఏ కారణానికి వచ్చిన కన్నీళ్లో అందులో ఉండదు.

కనుక్కోవడం తేలిక. పాఠకులు పుస్తకాల మీద అభిప్రాయాలు రాసే గుడ్‌రీడ్స్ సైటులో ఆ పుస్తకం పేజీ తీసి అభిప్రాయాల్లో "హెచ్.ఇ.ఎ." (HEA, హ్యాపీలీ ఎవర్ ఆఫ్టర్) అనే పొడి అక్షరాలు వెతకండి. సుఖాంతం అని దానర్థం. "హెచ్.ఎఫ్.ఎన్." (HFN, హ్యాపీ ఫర్ నౌ) అని ఉంటే ప్రస్తుతానికి సంతోషంగా ఉన్నారు, ముందు ముందు ఏమవుతుందో పాఠకులకి వదిలేశారని. ఈ రెండూ కనపడకుండా "హృదయం ముక్కలైంది" అనే మాటలే కనపడుతుంటే, ఆ పుస్తకం ఏడవాలనిపించినప్పుడు తెప్పించుకోండి.

రెండోది, పచ్చిదనం.

ఒకప్పుడు అట్ట చూస్తే లోపల ఏముందో తెలిసిపోయేది. చొక్కా విప్పేసిన మగవాడు, అతని చేతుల్లో వెనక్కి వాలిన అమ్మాయి ఉంటే అది ఎలాంటి పుస్తకమో షాపులో చిన్నపిల్లలకి కూడా తెలుసు. దాన్ని కింది అరలో పెట్టేవాళ్లం. గత కొన్నేళ్లలో ప్రచురణకర్తలు ముద్దొచ్చే కార్టూన్ బొమ్మల అట్టలకి మారారు. బస్సులోనో ఆఫీసులోనో పట్టుకుని కూర్చోవడానికి బాగానే ఉంటాయి. కానీ ఒకే తరహా బొమ్మ అట్ట వెనక ముద్దు దగ్గర ఆగిపోయే నవలా ఉండొచ్చు, ఏమీ దాచని నవలా ఉండొచ్చు. ఇంజినీరింగ్ చదివే ఒకమ్మాయి, స్కేటింగ్ బొమ్మ చూసి ముచ్చటపడి హానా గ్రేస్ "ఐస్‌బ్రేకర్" (2022) కొనుక్కుంది. వాళ్లమ్మగారు యథాలాపంగా మధ్యలో ఒక పేజీ తెరిచి, ఆ పుస్తకం పట్టుకుని సరాసరి నా దగ్గరికి వచ్చారు. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. అట్ట మీద ఏ హెచ్చరికా లేదు మరి. ఆ వయసుకి నేను జెన్నీ హాన్ "టు ఆల్ ద బాయ్స్ ఐ'వ్ లవ్డ్ బిఫోర్" (2014) ఇస్తుంటాను. ఎవరికీ పంపకుండా దాచుకున్న ప్రేమలేఖలు ఆయా అబ్బాయిలకి చేరిపోవడంతో మొదలయ్యే కథ అది. అక్కచెల్లెళ్ల మధ్య ప్రేమ కూడా చక్కగా ఉంటుంది.

పెద్దవాళ్ల నవలల్లో, అసలు పడకగదిలోకి వెళ్లనివి కావాలంటే ఉజ్మా జలాలుద్దీన్, క్యాథరిన్ సెంటర్ రాసినవి చూడండి. కొంచెం ఉన్నా ఫరవాలేదు, కథ మీదే దృష్టి ఉండాలంటే బెత్ ఓ'లియరీ, ఎమిలీ హెన్రీ. అన్నీ విప్పి రాసేవాళ్లలో హెలెన్ హోయాంగ్, టాలియా హిబ్బర్ట్ ఉన్నారు. ఆలీ హేజల్‌వుడ్ "ద లవ్ హైపోథిసిస్" (2021) నడిమి రకం. స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన చేసే అమ్మాయి కథ, చాలాదూరం ముద్దులతోనే నడుస్తుంది, తర్వాత ఒకచోట మాత్రం ఏ దాపరికమూ ఉండదు. ముందే తెలిస్తే కంగారు ఉండదు.

ఇందులో ఒక రకం గొప్ప, ఒక రకం తక్కువ అని నేను అనుకోను. హెలెన్ హోయాంగ్ "ద కిస్ కోషెంట్" (2018) తీసుకోండి. నాయిక స్టెల్లా గణాంకాల్లో దిట్ట, ఆటిజం ఉన్న మనిషి. మనుషుల స్పర్శే ఆమెకి భయం. ఆ భయం పోగొట్టుకోవడానికి డబ్బిచ్చి ఒకతన్ని పిలుచుకుంటుంది. రచయిత్రికి కూడా ఆటిజం ఉన్నట్టు పెద్దయ్యాకే తెలిసింది. ఆ దృశ్యాలు తీసేస్తే అసలు కథే లేదు, ఎందుకంటే ఆమె మారేది అక్కడే. ఇలాంటివి చదవాలో వద్దో మీ ఇష్టం. తెలియక చేతిలో పడకూడదు, అంతే.

తెలుసుకునే దారి: స్టోరీగ్రాఫ్ అనే సైటులో చదివినవాళ్లే ప్రతి పుస్తకానికీ ఏయే విషయాలు ఉన్నాయో గుర్తులు పెడతారు: హింస, గర్భస్రావం, మోసం, మరణం, శృంగారం, అన్నీ. చాలామంది రచయితలు తమ సైటులోనో, పుస్తకం మొదటి పేజీల్లోనో చెప్తున్నారు కూడా. "డార్క్ రొమాన్స్" అని కనపడితే మాత్రం ఆగండి. వెంటాడటం, ఎత్తుకుపోవడం, బలవంతం లాంటివి అందులో ప్రేమకథలో భాగంగా వస్తాయి. దానికి పాఠకులు చాలామంది ఉన్నారు, మీరు అడిగింది చూస్తే అది మీకు కాదు.

ఇక అసలు సంగతి, అడ్డం.

పమేలా రీజిస్ అనే అమెరికన్ ఆచార్యురాలు 2003లో రొమాన్స్ నవల మీద ఒక పుస్తకం రాశారు. ఏ రొమాన్స్‌లోనైనా తప్పకుండా ఉండే అంశాలు ఎనిమిది అని చూపించారు. ఇద్దరూ కలుసుకోవడం, ఆకర్షణ, ప్రేమ చెప్పుకోవడం లాంటివి మనకి తెలిసినవే. వాటిలో అడ్డం కూడా ఒకటి. అది బయటిది కావచ్చు, మనసులోనిది కావచ్చు అంటారామె. నేను ఇది చదవకముందు నుంచీ షాపులో చేస్తున్నది ఇదే, కాకపోతే పేరు తెలియదు. "పోయినసారి తీసుకెళ్లినది ఎందుకు నచ్చింది?" అంటే జవాబు ఎప్పుడూ "వాళ్లకొచ్చిన కష్టం నిజంగా కష్టం" అనే ధోరణిలోనే వచ్చేది.

1813లో వచ్చిన "ప్రైడ్ అండ్ ప్రెజుడిస్"లో అడ్డం రెండు వైపులా ఉంది. ఐదుగురు ఆడపిల్లలు, తండ్రి ఆస్తి మగ వారసుడికే పోయే కట్టడి, నోటికి అదుపులేని తల్లి, అవతల అబ్బాయి అంతస్తు. ఇదంతా బయటిది. ఆమె తొందరపడి ఏర్పరచుకున్న అభిప్రాయం, అతని అహం లోపలివి. మన యద్దనపూడి గారి "సెక్రటరీ"లో జయంతి, రాజశేఖరం మధ్య ఉన్నదీ అలాంటిదే: అంతస్తుల తేడా బయట, ఆమె ఆత్మాభిమానం లోపల. ఆ నవల ఇన్ని తరాలు చదివించిందంటే ఆ రెండూ పెనవేసుకుని ఉండబట్టే.

ఇప్పటి అమెరికన్ నవలలో బయటి అడ్డాలు చాలావరకు లేవు. ఇద్దరూ ముప్పైల్లో ఉంటారు, సంపాదించుకుంటారు, విడిగా ఉంటారు. పెళ్లొద్దనేవాళ్లు ఎవరూ లేరు. కులం లేదు, కట్నం లేదు, జాతకం లేదు. అందుకని రచయితలు అడ్డాన్ని మనసులో వెతుక్కోవాలి: పాత గాయం, ఒంటరితనం అలవాటైపోవడం, ఉద్యోగం కోసం వేరే ఊరు వెళ్లాల్సి రావడం. ఆ గాయాన్ని గట్టిగా కట్టినవాళ్ల నవల ఎక్కడా జారదు. కట్టలేనివాళ్లు సగం దాటాక ఒక అపార్థం తెచ్చి పెడతారు, ఒక ఫోన్ చేస్తే పోయేలాంటిది. మీరు సగంలో వదిలేసింది అలాంటిదే అయి ఉండాలి. అభిప్రాయాల్లో "మిస్‌కమ్యూనికేషన్" అని విసుక్కుంటున్నవాళ్లు ఎక్కువమంది కనపడితే ఆ పుస్తకం మీకొద్దు.

"ఫ్లాట్‌షేర్" ఎందుకు చెప్పానో ఇప్పుడు చెప్తాను. లండన్‌లో టిఫీ అనే అమ్మాయి, అప్పటిదాకా కలిసున్నవాడి ఇంట్లోంచి బయటికి రావాలి, చేతిలో డబ్బు లేదు. లియాన్ చివరి రోజుల్లో ఉన్న రోగులను చూసుకునే నర్సు, రాత్రి డ్యూటీలు. చేయని నేరానికి జైల్లో ఉన్న తమ్ముడి లాయరు ఖర్చులకి డబ్బు కావాలి. అందుకని తన ఒక్క గది ఫ్లాట్‌ని పంచుకుంటాడు. పగలు అతను పడుకుంటాడు, రాత్రి ఆమె. మంచం ఒకటే, మనుషులు మాత్రం ఒకరికొకరు ఎదురుపడరు. మాటలన్నీ అక్కడా ఇక్కడా అంటించిన చీటీల మీద. మొదట ఇంటి పనుల గురించి రెండు ముక్కలు, తర్వాత నెమ్మదిగా తమ్ముడి కేసు, ఆమె ఆఫీసు, మనసులో మాటలు.

దగ్గరగా చూస్తే రచయిత్రి పనితనం తెలుస్తుంది. టిఫీ అధ్యాయాలు గలగలా పారతాయి. లియాన్ అధ్యాయాల్లో వాక్యాలు తెగి తెగి ఉంటాయి, "నేను" అన్న మాట చాలాచోట్ల వదిలేస్తాడు, సంభాషణలు నాటకంలోలా పేరు పెట్టి రాసినట్టుంటాయి. మాట పొదుపైన మనిషని ఎవరూ మనకి చెప్పక్కర్లేదు, చదువుతుంటే తెలిసిపోతుంది. ఇంతకీ అడ్డం వేళలు కలవకపోవడం కాదు. టిఫీ పాత ప్రియుడు ఆమెని ఏళ్ల తరబడి మాటలతో అదుపులో పెట్టాడు. అది హింస అని ఆమెకే తెలియదు. ఒక్కో జ్ఞాపకం బయటికొస్తుంటే, లియాన్ దగ్గరికి రాబోయి ఆమె ఎందుకు ఆగిపోతోందో మనకీ అర్థమవుతుంది. కూర్చుని మాట్లాడుకుంటే తేలిపోయే విషయం కాదది. పైగా మీకు "ఇట్ ఎండ్స్ విత్ అస్"లో భరించలేననిపించిన విషయాన్నే ఇది ఆశ వదలకుండా చూపిస్తుంది, ముగింపు సుఖాంతం. రిటైరైన టీచరుగారు ఒకావిడ, ఇంగ్లిషు నవలలంటే అస్సలు ఇష్టపడనిది, దీన్ని వారంలో పూర్తిచేసి అదే రచయిత్రివి ఇంకేమున్నాయని వచ్చారు.

మీ యద్దనపూడి రుచికి దగ్గరగా ఇంకో రెండు. "సెక్రటరీ"లో మీకు నచ్చింది ఆఫీసు, పంతం, మాటకి మాట అయితే శాలీ థోర్న్ "ద హేటింగ్ గేమ్" (2016) చదవండి. విలీనమైన రెండు ప్రచురణ సంస్థల అధిపతులకి చెరో సహాయకులు లూసీ, జోషువా. ఎదురెదురు బల్లలు. పైకి వెళ్లే పదవి ఒక్కటే ఉంది, అది ఇద్దరికీ కావాలి. అడ్డం కళ్లముందే కూర్చుని ఉంటుంది. "మీనా"లో నచ్చింది పట్నంలో తల్లి అదుపులో పెరిగిన పిల్ల పల్లెకి వెళ్లి మనిషిగా నిలబడటమైతే, ఆబీ హిమెనెజ్ "పార్ట్ ఆఫ్ యువర్ వరల్డ్" (2022). మినియాపొలిస్‌లో పేరుమోసిన డాక్టర్ల వంశంలో పుట్టిన అలెక్సిస్, చిన్న ఊళ్లో వడ్రంగం పని చేసుకుంటూ ఆ ఊరి మేయరుగా కూడా ఉన్న డానియల్‌ని ఇష్టపడుతుంది. అతను ఆమెకన్నా చిన్నవాడు. తరతరాలుగా ఆ ఆసుపత్రిలో తమ ఇంటిపేరు నిలబడాలన్న తల్లిదండ్రుల పట్టు అడ్డం. అమెరికన్ నవలే, కానీ ఆ భోజనాల బల్ల దగ్గర తండ్రి మాట్లాడే తీరు చదివితే ఎవరో మన పెద్దమనిషి మాట్లాడినట్టే ఉంటుంది.

అసలు కుటుంబమే అడ్డంగా ఉండే కథలు కావాలంటే మన మూలాలున్న రచయిత్రుల దగ్గరికి వెళ్లడం మంచిది. సోనాలీ దేవ్ "ఎ బాలీవుడ్ అఫైర్" (2014)లో రాజస్థాన్ పిల్ల మిలికి నాలుగేళ్లప్పుడే పెళ్లయిపోయింది. భర్త ముఖం చూసి ఎరగదు. అతని కోసం ఎదురుచూస్తూనే చదువుకోడానికి అమెరికా వెళ్తుంది. ఆ పెళ్లి రద్దు కాగితాల మీద సంతకం పెట్టించుకుందామని అతని తమ్ముడు వస్తాడు. ఉజ్మా జలాలుద్దీన్ "ఆయేషా ఎట్ లాస్ట్" టొరాంటో ముస్లిం కుటుంబాల్లో నడుస్తుంది. మసీదు, పెళ్లి సంబంధాలు, అమ్మల పంతాలు, అన్నీ ఉంటాయి. ఇక్కడే జరిగేది కావాలంటే అనుజా చౌహాన్ "దోజ్ ప్రైసీ ఠాకుర్ గర్ల్స్" (2013). ఢిల్లీ హేలీ రోడ్డులో ఒక జడ్జిగారు, అక్షరక్రమంలో పేర్లున్న ఐదుగురు కూతుళ్లు. వాళ్లలో దేబ్‌జానీ ప్రభుత్వ టీవీలో వార్తలు చదువుతుంది. ప్రభుత్వ ఛానల్‌లో వార్తలు చదివే అమ్మాయికీ, ప్రభుత్వాన్ని నిలదీసే విలేకరికీ కుదిరేదెలా? ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, అందులో హిందీ ధారాళంగా దొర్లుతుంది. హిందీ రానివాళ్లకి సగం సరసం అందదు.

మనసులోని అడ్డం ఎంత గట్టిగా ఉండగలదో చూడాలంటే ఎమిలీ హెన్రీ "బీచ్ రీడ్" (2020). రొమాన్సులు రాసే జానువరీ తండ్రి చనిపోయాక ఆయనకి ఇంకో స్త్రీతో సంబంధం ఉండేదని తెలుస్తుంది. అమ్మానాన్నల ప్రేమనే నమ్ముకుని కథలు రాసిన మనిషి, ఇప్పుడు సుఖాంతం రాయలేకపోతుంది. నాకు ఇది చాలా ఇష్టమైన పుస్తకం. అయితే మొదటి పుస్తకంగా ఇవ్వను. బయట సంఘటనలు తక్కువ, ఆలోచన ఎక్కువ. అలవాటు లేనివాళ్లకి "ఏమీ జరగడం లేదు" అనిపిస్తుంది. రెండు మూడు చదివాక అందుకోండి.

కొనేముందు నేను చేసేది ఇది. అమెజాన్ వాళ్ల ఇ-పుస్తకాల యాప్ కిండిల్‌లో మొదటి కొన్ని అధ్యాయాలు ఉచితంగా చదువుకోవచ్చు. అవి చదివి నన్ను నేను ఒకటే అడుగుతాను: "వీళ్లిద్దరూ రేపే పెళ్లి చేసుకుంటే ఎవరికేం నష్టం?" నష్టం ఏమిటో కనిపిస్తే కొంటాను. ఏమీ లేదనిపిస్తే ఎన్ని లక్షలమంది మెచ్చుకున్నా పక్కన పెడతాను. తర్వాత గుడ్‌రీడ్స్‌లో ఐదింటికి మూడు చుక్కలు (స్టార్లు) ఇచ్చినవాళ్ల అభిప్రాయాలు చూస్తాను. ఐదు చుక్కలవాళ్లు మురిసిపోతారు, ఒక చుక్కవాళ్లు మండిపడతారు. మూడు చుక్కలవాళ్లే ఏది బాగుంది, ఏది బాగాలేదు అని విడమరిచి చెప్తారు. ముఖ్యంగా ముప్పాతిక భాగం దగ్గర ఇద్దరూ విడిపోయే ఘట్టం గురించి ఏమన్నారో చూడండి. ఈ నవలల్లో చాలావాటిలో అది ఉంటుంది. మొదటి నుంచీ ఉన్న అడ్డమే పెరిగి వాళ్లని విడదీస్తే మంచి పుస్తకం. ఎక్కడినుంచో ఊడిపడితే కాదు.

మీకేం వద్దో కూడా ఒక చీటీ మీద రాసుకోండి. విడాకులు తీసుకున్న ఒకావిడ మా లైబ్రరీలో ఉన్నారు. మోసం చేసిన భర్తని క్షమించి మళ్లీ కలిసే కథలంటే ఆవిడకి చెప్పలేనంత కోపం. పాత ప్రేమ మళ్లీ చిగురించే "సెకండ్ చాన్స్" నవలల్లో అవి తరచుగా తగులుతాయి. ఆ ఒక్కటీ తీసేశాక ఆవిడ చదివే వేగం చూసి నేనే ఆశ్చర్యపోయాను. తల్లి కాబోతున్నవాళ్లు, ఈమధ్యే ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లు కూడా ముందే ఈ పని చేసుకుంటే మంచిది.

వీలు తక్కువ ఉన్నవాళ్లకి మిల్స్ అండ్ బూన్లు ఇప్పటికీ బాగా పనికొస్తాయి. 1908లో లండన్‌లో పుట్టిన సంస్థ, 1971 నుంచి కెనడా హార్లెక్విన్ కింద నడుస్తోంది. రెండొందల పేజీల లోపు, ఒక్క కథ, ముగింపు మీద అనుమానం అక్కర్లేదు. అట్ట మీద వరస పేరు చూస్తే సరిపోతుంది. "మెడికల్" అంటే డాక్టర్లు, నర్సులు. "మోడర్న్" అంటే కోటీశ్వరులు, కాస్త ఘాటు. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పరిచే పాత పుస్తకాల్లో కట్టలు కట్టలుగా దొరుకుతాయి.

నచ్చకపోతే వదిలేయడానికి మొహమాటపడకండి. సియాటిల్‌లో లైబ్రేరియన్‌గా పనిచేసిన నాన్సీ పెర్ల్ పెట్టిన లెక్క నాకు నచ్చుతుంది: యాభై ఏళ్ల లోపువాళ్లు యాభై పేజీలు చదివి చూడాలి. ఆపైన ఉన్నవాళ్లు వందలోంచి తమ వయసు తీసేసి మిగిలినన్ని పేజీలు చదివితే చాలు.

తెలుగులోనే కొత్తవి కావాలంటే ఎవరైనా కథలు రాసి పెట్టుకునే ప్రతిలిపి యాప్‌లో బోలెడు సీరియళ్లు ఉన్నాయి. చూసి దిద్దే సంపాదకులు లేరు కాబట్టి ఎగుడుదిగుడుగా ఉంటాయి, కొన్ని మధ్యలోనే ఆగిపోతాయి. పూర్తయినవి మాత్రమే ఎంచుకోండి.

ఇక అమ్మగారి సంగతి. ఆవిడకి ఇంగ్లిషు నవల చదివే అలవాటు లేకపోతే మాలతీ చందూర్ గారి "పాత కెరటాలు" దొరికితే తప్పకుండా తెచ్చివ్వండి. ఇంగ్లిషు నవలలని స్వాతి మాసపత్రికలో నెలనెలా తెలుగులో కథగా చెప్పిన శీర్షిక అది, పుస్తకాలుగా కూడా వచ్చింది. విజయవాడ ఏలూరు రోడ్డు షాపుల్లోనో, జనవరిలో జరిగే పుస్తక మహోత్సవంలోనో అడగండి. అవి చదివినవాళ్లకి కూతురు చదువుతున్న కథ నోటితో చెప్తే ఇట్టే అందుకుంటారు. "ఫ్లాట్‌షేర్" అలా చెప్పడానికి బాగుంటుంది. "పార్ట్ ఆఫ్ యువర్ వరల్డ్" చెప్తే మీనాతో పోల్చి మీతో వాదనకి దిగుతారు, చూడండి.

మొదటి రెండూ చదివాక ఎలా ఉన్నాయో ఇక్కడే రాయండి. నచ్చకపోతే ఎక్కడ, ఏ పేజీ దగ్గర విసుగొచ్చిందో రాయండి. మూడోది ఎంచి చెప్పడానికి నాకు అదే ఎక్కువ పనికొస్తుంది.